పుట్టమన్నులో గోధుమ మొలక: నల్లమల తండాల తీజు పండుగ

కోస్తా అళములలో తేలిన ఉప్పు నల్లమలకు ఆవలి నంద్యాల సీమకును, ఆ సీమ పత్తియు ధాన్యమును ఈవలి కోస్తాకును చేరవలెనన్నచో, రైలుదారి పడకపూర్వము కంభము, గిద్దలూరు మీదుగా సాగు నందికనుమయు, దోర్నాలనుండి ఆత్మకూరునకు పోవు మంత్రాలకనుమయు ముఖ్యమైన దారులుగా నుండెడివి. ఆ కనుమదారులలో కంట్లములు వేసిన యెద్దులను మందలు మందలుగా తోలుకొనుచు, ఆలుబిడ్డలతో, గుడారములతో, కావలికుక్కలతో తరలిపోవుచుండిన బిడారులు లంబాడీలవి. మన ప్రాంతమున వీరిని సుగాలీలనియు, ఇతరచోట్ల బంజారాలనియు పిలుతురు. తమలో తాము గోర్ అని చెప్పుకొందురు.

రాజస్థాన ప్రాంతమే తమ పూర్వుల నెలవని వీరి నమ్మకము. వీరి భాషయు ఆ దిక్కునే చూపుచున్నది. పదునేడవ శతాబ్దిలో మొగలు సేనల వెంట ధాన్యము మోయుచు దక్షిణాపథమున దిగిరని చరిత్రకారులు చెప్పుదురు. 1803లో మరాఠాలతో యుద్ధము చేసిన ఆర్థర్ వెల్లెస్లీ సైతము తన సేనకు తిండిగింజలకై వీరి యెద్దులమీదనే ఆధారపడెను. అంతటి వర్తకము కొన్ని దశాబ్దములలోనే క్షీణించినది. గుంతకల్లునుండి బెజవాడ వైపునకు సదరన్ మరాఠా రైల్వేవారు పరచిన మార్గము నందికనుమనే తొలుచుకొని దిగువమెట్ట, గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు స్టేషనులమీదుగా సాగుటతో, కంట్లపుటెద్దులకు ఆ త్రోవలో పనిలేకపోయినది. బిడారులు నిలిచిపోయినచోట తండాలు వెలసినవి. ఒక సంచారజాతి జీవనోపాధి కోల్పోయిన ఆ కాలముననే, 1871నాటి నేరస్థజాతుల చట్టము సంచారమునే అపరాధముగా జూచుట ఆరంభించెను. దేశమున పలుచోట్ల బంజారాలును ఆ అనుమానమునకు గురియైరి. ఆ చట్టము 1952లోగాని రద్దుకాలేదు.

నేడు యర్రగొండపాలెము, పుల్లలచెరువు, దోర్నాల ప్రాంతముల తండాలలో నివసించు ఈ జనులకు పూర్వపు వర్తకము లేదు, మందలు లేవు, గుడారములు లేవు. ఉన్నది మెట్టసేద్యము, కూలి, కరవువచ్చిన యేట వలస. అయినను శ్రావణమాసము ప్రవేశించినంతనే తండాలోని కన్యకలు నాయకుని యింటికి పోయి తీజు చేసికొనుటకు అనుమతి యడుగుదురు. నాయకుడును అతని సహాయకుడగు కారుభారియు పెద్దలతో ఆలోచించి, ఊరికి మైల లేని, పనులకు అడ్డురాని దినమును నిర్ణయింతురు. అందుచేత తీజు అన్ని తండాలకు ఒకేనాడు రాదు; కొందరు గోకులాష్టమికి ముగియునట్లు జరుపుకొందురు, కొందరు ముందువెనుకలుగా జరుపుకొందురు.

ఈ పండుగకు ప్రాణము గోధుమమొలక. మార్కాపురము సీమ జొన్న, సజ్జ, కంది, మిరప పండు నేల; గోధుమ యిచ్చట పంటకాదు. మూడు నాలుగు వందల యేండ్లక్రిందట విడిచివచ్చిన ఉత్తరదేశపు ధాన్యమును, తాము దున్నని, విత్తని ధాన్యమును, నేటికిని అంగడిలో కొని తెచ్చి దేవతగా మొలకెత్తించుచున్న యీ బాలికలను తలచినప్పుడు నాకు కలుగు ఆశ్చర్యము ఇంతయని చెప్పజాలను. నిలువనీడ లేని జాతి ఆలయమును కట్టుకొనజాలదు, శాసనమును చెక్కించుకొనజాలదు. ఎద్దుమీద మోసికొనిపోగల దానినే, చేతితో మరల చేయగల దానినే అది తన చరిత్రగా నిలుపుకొనవలెను. పిడికెడు గింజలు, బుట్టెడు మన్ను, పాట: వీరు నిలుపుకొన్నవి ఇవియే.

ఇందలి ప్రక్రియ సులభముగా కనుపించును గాని, శ్రద్ధ తప్పినచో ఫలింపదు. గోధుమలను ముందుగా నానబెట్టుదురు. పుట్టమన్ను తెచ్చి, మెత్తగా పొడిచేసి, పశువులయెరువుతో కలిపి వెదురుబుట్టలలో నింపి, నానిన గింజలను పైన చల్లుదురు. పుట్టమన్నును చెదలు రేణువు రేణువుగా మోసి పేర్చినవి కావున అందు గులకరాయి యుండదు. లేతవేరు అడ్డములేక దిగును. వెదురుబుట్ట అల్లికలోని సందులగుండ మిగులునీరు జారిపోవును గనుక గింజ కుళ్లదు. బుట్టలను పశువులకు, కోళ్లకు అందకుండ మంచెపై నుంచి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము కన్యకలు నీరు చిలుకరింతురు. నీరు తక్కువైన మొలక వాడును, ఎక్కువైన బూజుపట్టును. ఎండసోకని మొలక వెలుతురునకై సాగి సన్నగా, పసుపుపచ్చగా ఎదుగును. కాంతి తగిలినది పొట్టిగా, ఆకుపచ్చగా నుండును. తొమ్మిదిదినములలో జానెడు ఎత్తున దట్టముగా ఎదిగిన పైరు ఆ బాలికయొక్క నియమమునకును, శుభమునకును గురుతుగా భావింపబడును. ప్రతి తడికిని పాట గలదు. ఆ పాట పూర్తియగువరకు నీరు పోయుచుండుట యాచారమగుటచేత, పాటయే కొలతపాత్రగా పనిచేయునని నా యూహ.

ఈ విధానమును చూచిన తెలుగువానికి తన యింటి పెండ్లి గుర్తురాక మానదు. పుట్టమన్ను తెచ్చి పాలికలలో నవధాన్యములు పోసి మొలకెత్తించుట మన వివాహములలోను గలదు. వైష్ణవాలయములలో బ్రహ్మోత్సవములు ప్రారంభమగునది అంకురార్పణముతోనే. మార్కాపురమున చెన్నకేశవస్వామి సన్నిధిలో ఆగమోక్తముగా జరుగు బ్రహ్మోత్సవములును, అడవియంచు తండాలో అక్షరము నేర్వని అవ్వ చెప్పినట్లు జరుగు తీజును ఒకే సంస్కారమును పంచుకొనుచున్నవి. ఒకటి మరియొకదానినుండి పుట్టెనని నేననుటలేదు. విత్తనము మొలకెత్తునా యను భయముతో బ్రదుకు సేద్యపుదేశమున అంతటను అంకురము శుభసూచకమగుట సహజమే. కాని తండా పండుగను వింతగా చూచు మన పట్టణవాసులు ఈ పోలికను గమనింపవలెనని నా కోరిక.

తొమ్మిదిదినముల నడుమ వినోదములకు కొదువలేదు. రేగుకొమ్మను తెచ్చి, దాని ముండ్లకు నానిన సెనగలను గ్రుచ్చుట యొక వేడుక; కన్యకలు గ్రుచ్చుచుండగా వరుసైన యువకులు కొమ్మను కదలించి అల్లరిచేయుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నను నవ్వు చెరగనీయక పని పూర్తిచేసిన పిల్ల ఓర్పుగలదని పెద్దలు మెత్తురు. ఏడవదినమున రొట్టెలను నలిపి బెల్లమును నేతిని కలిపిన చూర్మాను దేవతకు నివేదింతురు. కొన్ని తండాలలో మట్టితో గణగోర్ అను బొమ్మలను చేయుదురు. రాత్రులు వలయముగా నిలిచి, వంగుచు లేచుచు, చప్పట్లు కొట్టుచు ఆడెడి యాటలో ముసలివారును పాల్గొందురు.

కడపటిదినము ఉల్లాసమును దుఃఖమును కలిసియుండును. మొలకలను త్రుంచి మొదట నాయకునికిచ్చి, పిమ్మట బంధువుల తలపాగలలో దోపుదురు. అన్నదమ్ములు ఆడబిడ్డల పాదములు కడిగి వారిని ఊరడింతురు. ఎందుకనగా తీజును అత్తవారింటికి పోవు కూతురుగా భావించి పిల్లలు నిజముగనే వలవల యేడ్తురు. బుట్టలను తలపై నెత్తుకొని చెరువునకో వాగునకో పోయి నిమజ్జనము చేయుదురు. చెరువులెండిన యేట బావియే గతి.

ఆ ఊరేగింపులో పెద్దవారి వేషము కన్నులపండువు. ఫేటియా యను పావడ, కాంచళి యను రవిక, టుక్రీ యను మేలిముసుగు: మూడింటిపైనను అద్దములు, గవ్వలు, పూసలు, పాతనాణెములు మెరయుచుండును. అద్దమునకు రంధ్రముండదు, కనుక దానిపై దారములను అడ్డముగ నిలువుగ బిగించి, ఆ దారములను పట్టుకొని చుట్టును అంచుకుట్టు కుట్టి బిళ్లను బంధింతురు. పైన బిగించిన దారములు అంచుకుట్టులో లాగబడి మాయమగును, అద్దము మాత్రము మిగులును. కర్ణాటకమున సండూరు లంబాడీల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అందు కీలన్, వేలే, మాకి వంటి కుట్టువిశేషములు పెక్కులు గలవు. మన తండాలలో ఈ విద్య అవ్వలతోనే ఆగిపోవు స్థితికి వచ్చినది. నెలల తరబడి కుట్టిన పావడ బరువు నేటి కూలిపనికి అనుకూలింపదన్నమాట సత్యమే. ధరింపుమని ఎవరినైనను నిర్బంధించు హక్కు మనకు లేదు. కాని కుట్టువారి చేతికి తగిన వెల ముట్టినచో ఆ విద్య నశింపదు.

తీజుగాక, ఫిబ్రవరి 15న జరుపు తమ జాతిగురువు సేవాలాల్ జయంతియు నానాటికి పెద్ద ఉత్సవమగుచున్నది. 1739లో గుత్తి సమీపమున, నేటి సేవాగఢ్‌లో ఆ మహనీయుడు జన్మించెనని బంజారాల విశ్వాసము. అగ్నిలో నేతిని, బెల్లపు పాయసమును సమర్పించు భోగ్ ఆనాటి ముఖ్యవిధి. అది జాతినంతటిని ఒకచోట చేర్చు సభాపర్వము. తీజు మాత్రము ప్రతి తండాకును సొంతము; అందుకే నాకు తీజుమీదనే మక్కువ యెక్కువ.

హైదరాబాదు, గుంటూరుల పనులనుండి కుటుంబములు తీజుకై తిరిగివచ్చుచున్నంతకాలము ఈ పండుగకు భయములేదు. చిక్కెల్ల చదువుకొను బాలికలతోనే. వసతిగృహములలో నున్నవారికి తొమ్మిదిదినముల సెలవు దొరకదు. తొలినాడు విత్తినవారు కడపటినాడు కనబడకపోవుట గలదు. తండాపెద్దలు దినమును నిర్ణయించి ముందుగా తెలిపినచో, విత్తుట, సాగనంపుట యను రెండు దినములకైనను వారిని పంపుట అధికారులకు కష్టముకాదు. ఇంకొక పని ఆ బాలికలే చేయగలరు. వారి భాషకు సొంతలిపి లేదు. కాని అందలి ణకార ళకారములకు మన లిపిలో చోటున్నది, తెలుగక్షరములలో ఆ పాటలు చక్కగా నిలుచును. ఒక్కొక్క తండాలో ఒక్క నోటుపుస్తకము చాలును. పాడిన అవ్వ చెప్పిన వరుసలోనే, ఏ దినమున ఏ తడికి ఏ పాటయో ప్రక్కనే గుర్తువేసి, ఆమె పేరుతో సహా వ్రాసికొనవలెను.