కన్నబిడ్డను చూసి జడిసే తల్లి

తల్లీబిడ్డల భయానక కథలో దయ్యం కన్నా ముందు పుట్టేది తల్లి సందేహం. పిల్ల గొంతు మారింది, చూపు మారింది. ఇది జబ్బా, మొండితనమా, గాలి సోకిందా? బిడ్డ కోసం భయపడాలో, బిడ్డను చూసి భయపడాలో తేలని ఆ నలుగుబాటులోనే కథ బలమంతా ఉంటుంది.

రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో కూతురు రేవతి, తల్లి రోహిణీ హట్టంగడి. ముప్పై ఏళ్లకు, 2022 నవంబరు 18న వచ్చిన ‘మసూద’లో దర్శకుడు సాయికిరణ్ ఆ సందేహాన్ని ఒంటరి తల్లి ఇంట్లో పెట్టాడు. నీలం (సంగీత) భర్తకు దూరంగా బతుకుతున్న టీచరు. కూతురు నాజియా (బాంధవి శ్రీధర్) వింతగా మారితే ఆమెకు ఆసరా పొరుగున ఉండే గోపి (తిరువీర్), అతనూ పిరికివాడే. సొంత ఇంట్లో కూతురికి ఎదురుపడటానికి తల్లి జంకుతుంది, అయినా వదిలిపోలేదు. సంగీత నటనలో నిలిచేది ఈ రెండోదే.

అయితే పిల్లను పట్టిన మసూద ఎవరో తెలిశాక చెడంతా ఆమె మీదికి పోతుంది. తండ్రికి దూరమైన ఆ పిల్ల మనసులో ఏముందో ఇక ఎవరూ అడగరు. సినిమా అక్కడ చిన్నదైపోయింది.

అదే ఏడాది జనవరిలో వచ్చిన మలయాళ ‘భూతకాలం’ ఆ ప్రశ్నను చాలాసేపు వదలదు. ‘రాత్రి’లో కూతురైన రేవతే ఇందులో దిగులు జబ్బుతో నలిగే తల్లి. కొడుకుకు కనిపించేది దయ్యమా, అతని మనసు చెదిరిందా అన్నది తేలకుండానే కథ నడుస్తుంది. ఆ పాత్రకు రేవతి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు అందుకుంది.

కొనకనమిట్ల లాంటి పల్లె మండలంలో ఈ సందేహం తెర మీది సంగతి మాత్రమే కాదు. ‘మసూద’ ఆహా యాప్‌లో నేరుగా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. మానసిక వైద్యానికి మాత్రం పట్నం దాకా పోవాలి. ఈలోగా తాయెత్తు కట్టిస్తారు, మంత్రం వేయిస్తారు. మూర్ఛ గానీ, తీవ్రమైన మానసిక జబ్బు గానీ చూసేవాళ్లకు గాలి సోకినట్టే ఉండొచ్చు. వైద్యం ఆలస్యమైన కొద్దీ పిల్ల కోలుకోవడం కష్టమవుతుంది.

‘మసూద’ విడుదలకు కొద్ది వారాల ముందు, 2022 అక్టోబరు 10న, కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. పిల్ల తీరు మారిందనిపిస్తే తాయెత్తు కన్నా ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి.