'మారుమనస్సు' – ఒక పదవిచారము

క్రైస్తవధర్మమున పాపికి మొదట వినవచ్చు పిలుపును తెలుగు బైబిలు 'మారుమనస్సు' అను పదముతో చెప్పుచున్నది. సుప్రసిద్ధమైన 'పశ్చాత్తాపము' ఉండగా ఈ పదమేల? ఇది పర్యాయభేదమా, అర్థభేదమా? ఈ ప్రశ్న శబ్దమునకు మాత్రమే సంబంధించినది కాదు. పాపియెడ చూపవలసిన కరుణయొక్క స్వరూపము దీనిపై నాధారపడియున్నది.

'మారుమనస్సు' మిశ్రసమాసము. చిన్నయసూరి బాలవ్యాకరణమున సమాసములను సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని విభజించియుండుటచే దీని సాధుత్వమును శంకింప బనిలేదు. అర్థవిషయమున మాత్రము ఒక చిక్కు గలదు. మారుపేరు, మారువేషము మొదలగువానియందు 'మారు' అసలుదానిని కప్పిపుచ్చు వేరొకదానిని బోధించును. ఆ పోలికచే మారుమనస్సనగా తెచ్చిపెట్టుకొన్న మనస్సను భ్రాంతి కలుగవచ్చును. కాని యిచ్చట 'మారు' మార్పునే తెలుపుచున్నది. గ్రీకు మూలమందలి 'మెటనోయియ'యు బుద్ధి మారుటనే చెప్పును. లాటిను బైబిలు దీనిని 'పేనితెన్షియ' అని అనువదింపగా ప్రాయశ్చిత్తార్థము బలపడినది. 16వ శతాబ్దారంభమున ఎరాస్మసు ఆ అనువాదమును విమర్శించెను. పశ్చాత్తాపమనగా పిదప కలుగు తాపము. అది గడచినదానిని చూచును. మారుమనస్సు రాబోవు నడవడిని చూచును.

తెలుగు అనువాదమున ఈ భేదము పాటింపబడినదనుటకు మత్తయి సువార్త నిదర్శనము. 27వ అధ్యాయమున యూదా తన ద్రోహమునకు కుంది వెండినాణెములను మరల తెచ్చినచోట గ్రీకున 'మెటమెలొమై' అను వేరు క్రియ యున్నది. తెలుగున అది పశ్చాత్తాపము. అయితే 21వ అధ్యాయమున, తోటకు పోనని చెప్పి పిదప పోయిన కుమారుని కథలోను ఆ క్రియయే యుండగా, తెలుగు దానిని మనస్సు మార్చుకొనుటగా చెప్పినది. యూదా తాపము మరణమునకు దారితీసెను. ఈ కుమారుని తలంపు పనికి దారితీసెను. మూలమున ఒక్కటియైన క్రియను అనువాదము ఫలమునుబట్టి రెండు విధముల తెలిపినది. మూలానుసరణమే గీటురాయి యనువారికిది దోషము. సందర్భౌచిత్యమును గోరువారికి గుణము. రెండవ పక్షమే యుక్తమని తోచుచున్నది.

ఇందుకు లూకా 15వ అధ్యాయము పరీక్షాస్థలము. యేసు పాపులతో భుజించుచున్నాడని పరిసయ్యులును శాస్త్రులును సణిగినప్పుడు చెప్పిన మూడు ఉపమానము లందున్నవి. గొర్రెయు నాణెమును పశ్చాత్తాపపడజాలవు. అయినను ఆ రెండు కథల తుదిని మారుమనస్సు ప్రసక్తి కలదు. తప్పిపోయిన కుమారుని కథలో ఆ మాటయే లేదు. అందు మాటకు బదులు నడక యున్నది: కుమారుడు లేచి వచ్చెను. హెబ్రీ ప్రవక్తలు పరివర్తనమును 'తిరిగివచ్చుట' యను ధాతువుతోనే చెప్పుదురు. తండ్రి కుమారుని దుఃఖమును తూచి చూడలేదు. దూరమున నుండగనే కనికరించి పరుగెత్తెను. కూలివానిగా నుంచుకొమ్మని కుమారుడు దారికి ముందే కూర్చుకొన్న మాట తండ్రియెదుట తెలుగు పాఠమున వెలువడనే లేదు. తాపమే కరుణకు వెలయైనచో ఈ కథ నిలువదు.

కథ అంతటితో ముగియలేదు. ఎన్నడును ఆజ్ఞ మీరని పెద్దకుమారుడు విందుకు రాక వెలుపల నిలిచెను. తండ్రి బయటికి వచ్చి బతిమాలెను. అతడు లోనికి పోయెనో లేదో సువార్తికుడు చెప్పలేదు. అతనికి పశ్చాత్తాపపడదగిన తప్పు తనయందు కనబడదు. కాని మనస్సు మారవలసినది అప్పటికి అతనికే. 'పశ్చాత్తాపము' చిన్నకుమారునికి మాత్రమే చాలిన మాట. 'మారుమనస్సు' ఇరువురికిని చాలును. తెలుగు బైబిలు ఈ పదమును గ్రహించుటలోని ఔచిత్యము ఇదియే.