బడి మానిన కారణం

సంక్రాంతి వచ్చిందంటే మా గోవాడ, చోడవరం వైపు హైస్కూళ్ల గేట్లకు ఫ్లెక్సీలు కడతారు. ఫలానా సంవత్సరం పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. మాస్టార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం గ్రూపు ఫొటో. అప్పుడు వేసే చిన్న పుస్తకంలో బడికి పేరు తెచ్చినవాళ్ల జాబితా రాసిపెట్టమని నన్ను అడుగుతుంటారు. ఇష్టంగా రాస్తాను. స్టీల్ ప్లాంటులో ఇంజినీరు, కేజీహెచ్‌లో డాక్టరు, అమెరికాలో సాఫ్ట్‌వేరు. జిల్లా పరిషత్ బడిలో నేల మీద కూర్చుని చదివి అంత దూరం వెళ్లినవాళ్ల పేరు అచ్చులో చూసుకుంటే ఊరికే కడుపు నిండుతుంది.

ఈ పనిలో నాకు ఆధారం అడ్మిషన్ రిజిస్టరు. అంచులు చిరిగిన పెద్ద బైండు పుస్తకం. నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. కుడి చివర ‘బడి మానిన కారణం’ అని ఒక గడి. పది పాసైనవాళ్లకు ‘చదువు పూర్తి’. మధ్యలో పోయినవాళ్లకు ఒకటి రెండు మాటలు, ఒక్కోచోట అవీ లేవు. హాల్‌టికెట్ అందుకున్నవాళ్లనే మనం బ్యాచ్ అంటున్నాం. ఎనిమిదిలో చెరకు నరుకుడుకి పోయిన కుర్రాడు, తొమ్మిదిలో పెళ్లయిపోయిన పిల్ల ఏ బ్యాచ్‌లోనూ లేరు. వాళ్లూ ఆ మాస్టారికే ఎక్కాలు అప్పజెప్పారు.

మనం గర్వంగా చెప్పుకునే పెద్ద పేర్లనే చూడండి, వాళ్ల చదువూ తేలిగ్గా సాగలేదు. గురజాడ పుట్టింది 1862లో, ఇప్పటి మన అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరంలోనే. ఆయనా గిడుగు రామమూర్తీ విజయనగరం మహారాజావారి బడిలో కలిసి చదువుకున్నారు. కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రి ఉండడానికి చోటిచ్చి అన్నం పెట్టబట్టి గురజాడ చదువు సాగింది. 1882లో మెట్రిక్ పాసయ్యారు. గిడుగుకి చిన్నప్పుడే తండ్రి పోయారు. 1879లో మెట్రిక్ గట్టెక్కి, మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరిపోవలసివచ్చింది. పై పరీక్షలు ఉద్యోగం చేస్తూనే రాశారు. ఆ తర్వాత సవర గిరిజనుల భాష పట్టుబట్టి నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఈ చివరి పని ఆయన వాడుకభాషా ఉద్యమానికి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.

అందుకే ఇప్పుడు నా జాబితాలో హోదా పక్కన ఇంకో గడి వేస్తున్నాను: బడి మాననివ్వనిది ఎవరు? పరీక్ష ఫీజు కట్టిన లెక్కల మాస్టారు, పాత పుస్తకాలిచ్చిన సీనియరు, ఇంటికెళ్లి నాన్నకు నచ్చజెప్పిన హెడ్మాస్టరు. ఉద్యోగం గురించి రెండు ముక్కలతో సరిపెట్టే పెద్ద అధికారులు, ఈ గడి దగ్గరకొచ్చేసరికి ఫోను పెట్టనే పెట్టరు.

ఈసారి మధ్యలో మానినవాళ్లనీ పిలవాలని సమ్మేళనం కమిటీ కుర్రాళ్లతో వాదించాను. ఒప్పుకున్నారు. ఎనిమిదిలో మానేసి, ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్న ఒకావిడకి ఫోను చేస్తే, “నాను పది సదవనేదు కదా బాబూ, నాది ఏ బేచ్ అని రాస్తారు?” అంది. ఆరో తరగతిలో ఏ ఏడు చేరావమ్మా అని అడిగి, ఆ సంవత్సరమే రాసుకున్నాను. ఇక మీదట అందరి బ్యాచ్‌నీ చేరిన ఏడుతోనే లెక్క కట్టాలని కమిటీ తీర్మానించింది. ఆహ్వాన కార్డులు అలాగే అచ్చుకు వెళ్లాయి.