చెవుల్లోంచి నీళ్లు

పోర్చుగల్‌లో బ్రాగా ఊరి బయట, కొండమీద ఉన్న బొం జెజూస్ దు మొంతె చర్చి గురించి ఎవరు చెప్పినా మెట్ల దగ్గరే మొదలెడతారు. నన్నడిగితే అక్కడే ఆగిపోయినా నష్టం లేదు.

ఈ మెట్ల పని 1722లో ఆర్చిబిషప్ రొద్రీగు ద మౌర తేలెష్ హయాంలో మొదలైంది. అప్పటి బరోక్ చర్చిని తర్వాత కూలగొట్టారు. ఇప్పుడున్నది కార్లుష్ అమరాంత్ 1784లో మొదలుపెట్టిన నియోక్లాసికల్ కట్టడం. బుద్ధిగా, కొలిచినట్టు, కాస్త బోరుగా ఉంటుంది. బరోక్ అల్లరంతా మెట్లలోనే మిగిలింది.

తెల్లగోడలు, వాటికి బూడిదరంగు గ్రానైట్ అంచులు. మెట్లు రెండుగా చీలి మళ్లీ కలుస్తుంటాయి, మధ్యలో ఒక్కో ఇంద్రియానికి ఒక్కో ఫౌంటెన్. చూపు బొమ్మకి కళ్లలోంచి నీళ్లు కారతాయి. వినికిడికి చెవుల్లోంచి. వాసనకి, అవును, ముక్కులోంచే! ఇంద్రియాల్ని కడుక్కుని పైకి రమ్మనడం మతం చెప్పే అర్థం. కానీ ముక్కు కారుతున్న రాతిమొహం ముందు నిలబడ్డవాడికి ముందు వచ్చేది నవ్వే కదా? శిల్పికి ఆ సంగతి తెలీదంటే నేను నమ్మను. శరీరాన్ని దాటిపొమ్మని చెప్పాల్సిన చోట దాన్నే ఇంత ముచ్చటపడి చెక్కాడు. ఆపైన విశ్వాసం, ఆశ, దయ పేరిట తర్వాత చేర్చిన మెట్లున్నాయి. అందంగానే ఉంటాయి, కానీ అక్కడ ఎవరికీ నవ్వు రాదు.

ఎదురుగా తీసిన ఫొటోల్లో ఇదంతా ఒక తెల్ల జిగ్‌జాగ్, అంతే. పక్కనే 1882 నుంచి నీటి బరువుతో నడిచే ఫ్యూనిక్యులర్ ఉంది. అందులో పైకెళ్లి మెట్ల మీదుగా దిగితే వరస తిరగబడుతుంది: ముందు సద్గుణాలు, ఆ తర్వాత ముక్కూ చెవులూ. నాకైతే అదే సరైన వరసేమో అనిపిస్తుంది.