కరిసల్ నేలలో తెలుగు సేద్యం: కి.రా. 'గోపల్ల గ్రామం' ఒక పరిశీలన

తమిళ పాఠకులు కి.రా. అని ఆప్యాయంగా పిలుచుకున్న కి. రాజనారాయణన్ (1923–2021) మనవారే అన్న మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్ ఆయన స్వగ్రామం. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. అదే ఊళ్ళో పుట్టిన ఆయన బాల్యమిత్రుడు కు. అళగిరిసామి ఇంటి భాష కూడా తెలుగే. ఇద్దరికీ తమిళ రచనకే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది: అళగిరిసామికి మరణానంతరం 1970లో, కి.రా.కు 1991లో. ఈ వివరాలు చెప్పి చప్పట్లు కొట్టించడం సులువు. ఆ తరువాత పుస్తకం తెరిచేవారు మాత్రం తక్కువ. తెరిచినవారిలోనూ చాలామంది అందులో తమ వంశ ప్రశస్తిని వెతుక్కుంటారు. ఈ వ్యాసం ఆ రకమైన పఠనానికి అభ్యంతరం చెప్పడానికి రాస్తున్నది.

'గోపల్ల గ్రామం' 1976లో వెలువడింది. దాని కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్' పురస్కారం పొందిన గ్రంథం. మూడవది 'అందమాన్ నాయక్కర్'. తెలుగుదేశం నుంచి దక్షిణానికి వలసవచ్చిన కొన్ని కుటుంబాలు నల్లరేగడి నేలలో అడవి కొట్టి, కాల్చి, ఊరు కట్టుకుని, తరతరాలుగా సేద్యం చేసిన కథ ఇది. తమిళ విమర్శకులు దీన్ని ప్రాంతీయ సాహిత్యానికి, మాండలిక రచనకు పెద్ద ఉదాహరణగా చూపుతారు. మనవారు వలసగాథగా చూపుతారు. రెండింటికీ ఆధారం ఉంది. అయితే ఈ నవల ప్రధానంగా ఒక ఉమ్మడి సేద్యపు కుటుంబం లెక్క అని నా అభిప్రాయం. ఏ నేలలో దిగారు, ఏం పండించారు, ఎవరు ఏ పని చేశారు, దేనికి లొంగారు, దేన్ని వదులుకున్నారు అన్న ప్రశ్నలతో చదివితే ఇది వేరే పుస్తకంగా కనిపిస్తుంది.

వలసకు కారణం చెప్పేది మంగత్తాయారు అనే అవ్వ. వయసు 137 ఏళ్ళు అంటాడు రచయిత, ఏమాత్రం తడుముకోకుండా. చెన్నాదేవి అనే అందగత్తె మీద ఒక తురక రాజు కన్ను పడిందని, ఆమెను కాపాడుకోవడానికి రాత్రికి రాత్రే బయలుదేరామని, నది అడ్డం వస్తే చెట్టు వంగి దాటించిందని ఆమె చెబుతుంది. ఇలాంటి కథ తమిళనాట స్థిరపడిన అనేక తెలుగు కులాలవారిలో, పేర్లు మార్చుకుని, వినిపిస్తుంది. అన్ని ఇళ్ళలోనూ ఒకే పిల్ల, ఒకే రాజు, ఒకే నది ఉంటే అది జరిగిన సంఘటన కన్నా జ్ఞాపకం తన్ను తాను అమర్చుకునే పద్ధతి అనుకోవడం మేలు. విద్యార్థులు దీన్ని చరిత్రగా తీసుకుని మతద్వేషానికి సాక్ష్యంగా వాడటం నేను చూశాను. నవల ఆ పని చేయదు. ఈ గాథను కి.రా. అవ్వ నోట పెట్టాడే గాని తన నోట పెట్టుకోలేదు. కథకుడి గొంతు నేల దగ్గర, ఎద్దుల దగ్గర, వాన దగ్గర మొదలవుతుంది.

చరిత్రకారులు చెప్పేది ఇంతకన్నా సాదాగా ఉంటుంది. తిరునెల్వేలి ప్రాంత రైతుల చరిత్ర మీద డేవిడ్ లడ్డన్ 1985లో ప్రచురించిన గ్రంథంలో, విజయనగర, నాయక కాలాల్లో ఉత్తరం నుంచి వచ్చిన వడుగులు ఆ జిల్లాలో ఎండునేలల వైపు, ముఖ్యంగా ఈశాన్యపు నల్లనేలల వైపు స్థిరపడిన తీరు కనిపిస్తుంది. తామ్రపర్ణి నీరు పారే వరిమళ్ళు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది వాన మీద ఆధారపడిన నల్లనేల. దాన్ని దున్నడం తెలిసినవాళ్ళకే ఆ నేల పనికి వస్తుంది: తడిస్తే కాలు పట్టుకుంటుంది, ఎండితే నోరు తెరుస్తుంది, అదను తప్పితే నాగలికి లొంగదు. చెన్నాదేవి అందం ఎంత కారణమో చెప్పలేం గాని రేగడి పరిచయం మాత్రం ఒక కారణం.

ఇక్కడ ఒక భాషావిషయం. మట్టిశాస్త్ర గ్రంథాల్లో నల్లనేలకు ఉన్న 'రెగుర్' అన్న పేరు మన 'రేగడ' నుంచి వెళ్ళిందే. ప్రపంచం ఆ మట్టిని తెలుగు మాటతో పిలవడం నేర్చుకున్నది. ఆ మట్టి మీదే శతాబ్దాలుగా బతుకుతున్న కోవిల్‌పట్టి తెలుగువారు దాన్ని కరిసల్ అంటారు. ఇందులో విషాదమేమీ లేదు. పొలం గట్టు మీద పక్కవాడితో మాట్లాడవలసిన మాట పక్కవాడి భాషలో ఉంటుంది. ఇంకొకటి: కరిసల్ తమిళంలో రైతును 'సంసారి' అంటారు. మనకు సంసారి అంటే ఇల్లూ పిల్లలూ ఉన్నవాడు. అక్కడ ఆ మాటకే సేద్యగాడని అర్థం. కుటుంబం, సేద్యం ఒకే మాటలో కలిసిపోయాయి. కి.రా. నవలలకు ఇంతకన్నా మంచి తాళంచెవి నాకు దొరకలేదు.

గోపల్లలో కోట్టైయార్ ఇల్లు అటువంటి సంసారం. దానికి కథానాయకుడు లేడు. అన్నదమ్ములు పనులు పంచుకుంటారు. పశువులు, పైరు, పంచాయితీ ఒక్కొక్కటి ఒక్కొక్కరి స్వభావాన్ని బట్టి నడుస్తాయి. మన కేశవరెడ్డి 'మూగవాని పిల్లనగ్రోవి'తో పోల్చి చూడండి. అక్కడ భూమి పోగొట్టుకున్న ఒక్క మనిషి దుఃఖం కథంతా ఆక్రమిస్తుంది. కి.రా. దగ్గర దుఃఖం ఊరంతటికీ పంచబడి పలచనవుతుంది. ఒంటరిగా పోతున్న ఆడమనిషిని చెవిసొమ్ము కోసం ఒక దొంగ చంపడం, వాణ్ణి పట్టుకోవడం, కొరత వేయడం నవలలో భయంకరమైన భాగమే. కాని ఆ నడుమ కూడా కథకుడు ఊరివాళ్ళ ముచ్చట్లకు పోతూనే ఉంటాడు. కొందరు విమర్శకులు దీన్ని నిర్మాణ లోపం అన్నారు. సేద్యగాడి రోజు అలాగే ఉంటుందని నేనంటాను: తీర్పు చెప్పే రోజైనా పాలు పితకవలసిందే.

కరిసల్ సేద్యం ఎప్పుడూ ఒక్క పంట మీద నిలబడలేదు. సజ్జ, జొన్న ఇంటికి తిండి, చొప్ప ఎద్దులకు మేత. పత్తి రొక్కానికి, అంటే సర్కారు పన్నుకు. నడుమ మినుములు, కొత్తిమీర, మిరప. ఐప్పసి, కార్తిగై నెలల్లో వచ్చే ఈశాన్యపు వాన ఒకటి ముంచితే ఇంకొకటి నిలబడాలన్నదే లెక్క. నేటి వ్యవసాయశాస్త్రం దీనికి గొప్ప పేర్లు పెట్టింది. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901లోనే ఏర్పడింది. కరుంగణ్ణి నాటుపత్తిని బాగుచేసిన చోటు అది. ఇంత దగ్గరలో ఉన్న ఈ మార్పు నవలల్లో సన్నగానే వినిపిస్తుంది. ఇది నా మొదటి ఫిర్యాదు. అడవిని కాల్చి పొలం చేసిన తరాన్ని కి.రా. ఎంతో ఉత్సాహంతో వర్ణించాడు. ఆ పొలం భాగాలై, కొడుకులకు చాలక, అప్పుల్లో పడి, ఇతర పనులు వెతుక్కున్న తరాల దగ్గరికి వచ్చేసరికి రెండవ నవల స్వాతంత్ర్యోద్యమం వైపు మళ్ళుతుంది. ఇంటి చరిత్ర దేశ చరిత్రలో కలిసిపోయి సేద్యం లెక్క మధ్యలో ఆగిపోతుంది.

ఆ లెక్క కి.రా. చిన్న కథల్లో ఉంది. 'కదవు' కథలో తీర్వై బాకీకి ఊరి అధికారి ఇంటి తలుపు ఊడదీయించుకుపోతాడు. తండ్రి కూలి కోసం ఊరు విడిచి వెళ్ళాడు. తలుపు లేని ఇంట్లో చలిగాలికి చంటిబిడ్డ చచ్చిపోతుంది. ఆడుకునే పిల్లలకు ఆ తలుపు మరోచోట కనబడినప్పుడు దాన్ని కావలించుకుంటారు. 'మాయమాన్' కథ సర్కారు అప్పుతో బావి తవ్వుకోబోయిన సంసారిది. పేరే కథ చెబుతుంది. నవలల్లో మాయా జింకను తరిమి అడవి గెలిచిన వంశం, కథల్లో అదే జింక వెంట పరుగెత్తి పొలం పోగొట్టుకుంటుంది. రెండూ కలిపి చదవనివారికి సగం కి.రా. మాత్రమే తెలుసు.

ఈ సందర్భంలో కోయంబత్తూరు వైపు ఒకసారి చూడాలి. అక్కడి తెలుగు నాయుడు కుటుంబాలకు బావి నీరు దొరికింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో వచ్చిన కంబోడియా పత్తి ఆ నీటికి సరిపోయింది. పత్తి నుంచి మిల్లుకు దారి పడింది: జి. కుప్పుసామి నాయుడి లక్ష్మీ మిల్స్ 1910 నాటిది, పీలమేడు పి.ఎస్.జి. కుటుంబపు ధర్మసంస్థ 1926 నాటిది. 1930ల్లో పైకారా కరెంటు వచ్చాక మోటార్లు, పంపుసెట్లు అదే ఊళ్ళో తయారయ్యాయి. కోవిల్‌పట్టి వైపు ఆ నీరు లేదు. అక్కడ అదే మాట మాట్లాడే కుటుంబాల పిల్లలు అగ్గిపెట్టెల పనికి వెళ్ళారు. పొలం వాన కోసం చూసే నెలల్లో ఆ పని వారం వారం కూలి ఇచ్చేది. ఒకరిది పట్టుదల అని, మరొకరిది సోమరితనం అని మన సంఘాల సావనీర్లు రాస్తాయి. అడుగున ఎన్ని బారల లోతులో నీరు ఉన్నదో రాయవు.

నా రెండవ ఫిర్యాదు దీనికన్నా పెద్దది. గోపల్లలో పని చేసే చేతులు చాలా ఉన్నాయి, మాట్లాడే నోళ్ళు తక్కువ. పాలేర్లు, చాకిరి కులాలు ఊరి బొమ్మలో అందంగా అమరి ఉంటారు. వాళ్ళ దృష్టిలో కోట్టైయార్ ఇల్లు ఎలా ఉందో మనకు తెలియదు. తెలుసుకోవాలంటే అదే కరిసల్ నుంచి వచ్చిన పూమణి రాసిన 'పిరగు' (1979) చదవాలి. అందులో అళగిరి చెప్పులు కుట్టే అరుంధతీయుడు. తమిళనాట అరుంధతీయులలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బావిలోంచి నీరు తోడిన మోట తోలుది. ఆ తోలు కోసి కుట్టింది వాళ్ళు. తెలుగు సేద్యం కథ అని చెప్పుకుంటూ మోట కుట్టిన తెలుగువాణ్ణి లెక్కలోకి తీసుకోకపోతే మనం చెప్పుకునేది భాష కథ కాదు, ఒక కులం కథ. మన శాఖల్లో సిద్ధాంత వ్యాసాలు సైతం ఇంతవరకు ఎక్కువగా రెండవ పనే చేశాయి.

ఆయన తెలుగులో రాయలేదే అని తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే మిత్రులు విచారిస్తారు. నాకు ఆ విచారం లేదు. నేలకు తగిన పంట వేసుకున్నట్టే వినేవాళ్ళకు తగిన భాష ఎంచుకున్నాడు. పైగా ఆ తమిళంలో మన పలుకుబడి ఎంత కలిసి ఉందో ఆయన 1982లో వెలువరించిన కరిసల్ మాండలిక నిఘంటువు పుటలు తిప్పితే తెలుస్తుంది. ఏది తమిళం, ఏది తెలుగు, ఏది రెండింటికీ ఉమ్మడి అని విడదీయడం మన విద్యార్థులు చేయదగిన పని. తొందరపడి అన్నీ మనవే అనకూడదు. తెలుగు 'మేడి', తమిళ 'మేళి' ఒకదాన్నుంచి ఒకటి తెచ్చుకున్నవి కావు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. తమిళంలో నాగలికి పేరైన 'ఏర్', మన 'ఏరువాక'లోని ఏరు అంతే. మన ఏరువాక జ్యేష్ఠ పున్నమికి వస్తే దక్షిణ తమిళనాట పొన్నేరు చిత్తిరైలో కడతారు. ఆచారం ఒకటే, నెల వేరు.

నాగలి భాగాల పేర్లు ఇంట్లో అడిగి రాసుకు రమ్మని ఏటా తరగతిలో చెబుతాను. పదేళ్ళ కిందట సగం తెలుగు, సగం తమిళం వచ్చేవి. ఇప్పుడు చాలా ఇళ్ళ నుంచి ఖాళీ కాగితం వస్తున్నది. తమిళం మన మాటలను మింగిందని వెంటనే రాసేస్తారు పిల్లలు. ట్రాక్టరు వచ్చిన ఇంట్లో మేడీ లేదు, మేళీ లేదు. పక్కింటి తమిళ పిల్లవాడి కాగితం కూడా ఖాళీయే.

వచ్చే సంవత్సరం ఈ నవలను పాఠ్యాంశంగా తీసుకునేవారు 'కదవు', 'మాయమాన్', 'పిరగు' కలిపి చదవండి. తమిళంలోనే చదవండి, మీకు వచ్చును. నిఘంటువు పక్కన ఉంచుకోండి. ఇంట్లో అవ్వ ఉంటే చెన్నాదేవి కథ తరువాత అడగవచ్చు. ముందు ఆ ఏడు పన్ను దేనితో కట్టారో అడగండి.