ఎక్స్‌పాత్ భాష: సూత్రలాఘవము, శూన్యఫలము

ప్రాచీనకావ్యములను గణకయంత్రమున కెక్కించు పండితులు అక్షరములను మాత్ర మెక్కించి యూరకుండరు. ఇది యాశ్వాసము, ఇది పద్యము, ఇది పాదము అని యాయా భాగములకు ఇరుకెలంకుల గుర్తులు పెట్టుదురు. ఇట్టి గుర్తులకు నియమము లేర్పఱచిన శాస్త్రము ఎక్స్‌ఎమ్మెల్. ఇది 1998లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారిచేఁ బ్రకటింపఁబడినది. గుర్తులు పెట్టిన గ్రంథము వృక్షమువంటిది: కావ్యము మూలము, ఆశ్వాసములు కొమ్మలు, పద్యములు రెమ్మలు, పాదము లాకులు. ఆ వృక్షమునుండి వలసిన భాగమును ఎన్నుకొనుటకై జేమ్స్ క్లార్క్, స్టీవ్ డిరోజ్ అనువారి సంపాదకత్వమున 1999 నవంబరులో వెలువడిన భాష ఎక్స్‌పాత్. దాని గుణదోషము లెట్టివి, గ్రంథపరిశోధకుఁడు దాని ఫలమును ఎంతవఱకు నమ్మవచ్చును అనునదియే యిచట విచారణీయము.

ఈ భాషయొక్క ప్రధానగుణము లాఘవము. /కావ్యము/ఆశ్వాసము/పద్యము అని వ్రాసినచో, మూలమునుండి కావ్యమునకును, అందుండి దాని యాశ్వాసములకును, వానినుండి పద్యములకును దారి యేర్పడును. గుర్తుల పేరులు తెలుఁగున నుండుటకు శాస్త్రసమ్మతి కలదు. ఒక్కొక్క వాలురేఖ ఒక్కొక్క యడుగు. వెనుకటి యడుగున లభించినది ముందటి యడుగునకు ఆధార మగును. పాణినీయమునఁ బూర్వసూత్రపదము ఉత్తరసూత్రమున ననువర్తించుటను ఎఱిఁగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. //పద్యము అని రెండు రేఖలు వ్రాసినచో, ఎంత లోఁతున నున్నను పద్యము లన్నియు వచ్చును. చదరపు కుండలీకరణములలో నియమమును, @ చిహ్నముతో విశేషణమును జెప్పవచ్చును. కావున //పద్యము[@వృత్తము="ఉత్పలమాల"] అను నొక్కపంక్తి గ్రంథమున నట్లు గుర్తింపఁబడిన యుత్పలమాల లన్నిటిని ముందు పెట్టును. తల్లిదండ్రులు, సంతానము, పూర్వులు, తోఁబుట్టువులు మొదలగు సంబంధముల ననుసరించి యీ భాష 13 దిశల నడవఁగలదు.

అయినను సూత్రము క్లుప్తమైనకొలఁది వృత్తి యావశ్యక మగును. //పద్యము[1] అనఁగా గ్రంథమునందలి మొదటి పద్య మని చదువరి తలంచును. అది సరి గాదు. నియమము చివరి యడుగునకు మాత్రమే చెందును గాన, ప్రతి యాశ్వాసమునందలి మొదటి పద్యమును వచ్చును. 6 ఆశ్వాసముల కావ్యమునఁ బద్యములు 6 లభించును. గ్రంథాదిపద్య మొక్కటియే కావలసినచో (//పద్యము)[1] అని కుండలీకరణము చేయవలయును.

నిషేధవిషయము ఇంతకంటె సూక్ష్మము. @వృత్తము!="ఉత్పలమాల" అను నియమము, వృత్తము పేరు గుర్తింపఁబడి యది యుత్పలమాల కాని పద్యములనే గ్రహించును. వృత్తము పేరే వ్రాయని పద్యములను విడిచిపెట్టును. నాట్ అను నిషేధపదమును సమానతావాక్యమునకు బయటఁ జేర్చినచో నవియును వచ్చును. మొదటిది పర్యుదాసము, రెండవది ప్రసజ్యప్రతిషేధము. మన వైయాకరణులు నఞర్థవిచారమున నిట్టి భేదమునే చూపియున్నారు. ఈ భేదము నెఱుఁగక లెక్కించినవాని లెక్క తప్పును. తప్పినట్లు యంత్రము తెలుపదు.

ఈ తెలుపకుండుటయే యీ భాషలోని ముఖ్యదోషము. పద్యము అనుటకు పద్యం అని వ్రాసినను, అట్టి గుర్తు గ్రంథమున లేకున్నను, దోషసూచన రాదు, శూన్యఫలము వచ్చును. 1987లో నారంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ పద్ధతి ననుసరించిన గ్రంథములందు పాదమునకు ఎల్ అను గుర్తు కలదు. 2007 నాఁటి కూర్పునుండి యా గుర్తులకు ఇంటిపేరువంటి నామక్షేత్ర మొకటి యేర్పడినది. ఎక్స్‌పాత్ మొదటి కూర్పున ఇంటిపేరు లేక ఎల్ అని యడిగినచో, పాదములు వేలకొలఁది యున్నను ఒక్కటియు రాదు. మఱియు వాడు అని వెదకినచో వాఁడు అనునది దొరకదు. అరసున్న యంత్రమునకు వేఱొక యక్షరము.

శూన్యము సహజఫలమే యని యొక పూర్వపక్షము కలదు. అన్ని కావ్యములందు అన్ని భాగములు నుండవు. లేని ప్రతిభాగమునకును దోషము ప్రకటించుచో వివిధగ్రంథములయం దొక్క ప్రశ్నయు సాగదు. ఈ వాదమునఁ గొంత సత్యము కలదు. 2007లో వెలువడిన రెండవ కూర్పు నామక్షేత్రమును ముందుగా నిర్ణయించుకొను వీలును గల్పించినది. గ్రంథలక్షణమును ముందే యెఱిఁగిన సాధనములు నిష్ఫలమార్గములను బట్టుటకును అవకాశ మిచ్చినది. కాని యీ రెండవది యైచ్ఛికము. పరీక్షాభారము పరిశోధకునిపైననే యున్నది.

ఇచట భాట్టమీమాంసకుల విచారము మార్గదర్శకము. వారు అనుపలబ్ధిని బ్రమాణముగా నంగీకరించిరి. కాని యోగ్యానుపలబ్ధినే యంగీకరించిరి. వస్తు వున్నచోఁ దప్పక కనఁబడవలసిన స్థితిలోఁ గనఁబడకున్ననే యది లేదని చెప్పనగును. చీఁకటిలో ఘటము కానరాకుండుట ఘటాభావమునకు సాక్ష్యము కాదు. ఎక్స్‌పాత్ ఇచ్చు శూన్యము కేవలానుపలబ్ధి. దానికి యోగ్యతను పరిశోధకుఁడే సంపాదింపవలయును. గ్రంథమున నున్నదని కంటఁ జూచిన పద్యము నొకదానిని అదే మార్గసూత్రముతో ముందు రప్పింపవలయును. అది వచ్చిన పిదపఁ దెలియనిదానిని వెదకవలయును. ఫలముతోఁ గూడ మార్గసూత్రమును బ్రకటింపవలయును.

ఇది చిన్నవిషయము కాదు. ఈ కవి యీ వృత్తమును వాడలే దను వాక్యము నేఁడు యంత్రఫలముగా వెలువడి, ఱేపు లక్షణచర్చలకును గాలనిర్ణయములకును ఆధార మగును. పిదపఁ బాఠశాలాపుస్తకముల కెక్కును. మూలము చూడక దానిని వల్లించువారు పెక్కండ్రు. ఎక్స్‌పాత్ తాళపత్రములు త్రిప్పు శ్రమను దగ్గించు నుత్తమసాధనమే. కాని యది యడిగినదానికి మాత్రమే యుత్తర మిచ్చును. అడుగుటలోని తప్పును దెలుపదు. ఆ తప్పును గనిపెట్టుట పండితుని పని.