ఎముక పట్టిన మరమేకు

డెంటల్ ఇంప్లాంట్‌లో నలుగురికీ కనిపించేది పైనున్న క్యాప్. దాన్ని మోసేది అబట్‌మెంట్, దానికింద దవడ ఎముకలోకి దిగిన టైటానియం మరమేకు. అసలు పనితనమంతా ఈ మేకుదే. గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఎముక కణాలు దాన్ని పరాయిదని తోసెయ్యవు, అతుక్కుంటాయి. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేలు ఎముకలో రక్తప్రసరణ చూద్దామని అమర్చిన టైటానియం చాంబర్ ఎంత లాగినా ఊడిరాలేదు. 1965లో మనిషి దవడలో మేకు దింపాడు.

రంధ్రం చెయ్యడమూ ఒక విద్యే. ఎముక 47 డిగ్రీల వేడిలో నిమిషం ఉంటే దెబ్బతింటుంది. అందుకే సెలైన్ ధార కింద, సన్న డ్రిల్‌తో మొదలుపెట్టి సైజు పెంచుకుంటూ పోతారు. చివరి రంధ్రం మేకు కన్నా కాస్త ఇరుకు. ఆ తొలి బిగింపు మర చుట్లది మాత్రమే. ఆ తర్వాత ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కూల్చే కూలీల్లా దిగుతాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. మధ్యలో, మూడు నాలుగు వారాలప్పుడు, పట్టు కాస్త సడలుతుంది కూడా. కూల్చకుండా కట్టడం కుదరదు మరి.

రొమ్ము క్యాన్సర్ మందులు తగిలేది సరిగ్గా ఈ కూలీలకే. నెలసరి ఆగిన స్త్రీలకు ఏళ్ల తరబడి ఇచ్చే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను దాదాపు అడుగంటిస్తాయి. కూల్చేవాళ్లకు పగ్గం ఉండదు, ఎముక పలచబడుతుంది. దానికి విరుగుడు జొలెడ్రోనిక్ యాసిడ్. దీని పని తీరు ముచ్చటైనది: ఎముక ఖనిజానికి అంటుకుని కూర్చుంటుంది, ఎముకను కరిగించుకునే ఆస్టియోక్లాస్టు దాన్ని కూడా మింగి చతికిలపడుతుంది. మందు ఎముకలో ఏళ్లపాటు ఉండిపోతుంది. వెన్నుకూ తుంటికీ ఇది మేలు. దవడ సంగతి వేరు. నమిలే ఒత్తిడికి అక్కడ కూల్చివేత, కట్టుబడి జోరుగా సాగాలి. పైన పలచని చిగురు, చుట్టూ సూక్ష్మజీవులు. పన్ను పీకినా, మేకు దింపినా కొద్దిమందిలో గాయం మానక ఎముక బయటపడుతుంది. ఆరు నెలలకోసారి ఎక్కించుకునే వాళ్లలో ఈ ముప్పు తక్కువ. క్యాన్సర్ ఎముకలకు పాకి నెలనెలా ఎక్కించుకునే వాళ్లలో ఎక్కువ. ఎముక పలచబడకుండా ఇచ్చే మరో మందు డెనోసుమాబ్‌తోనూ ఈ ముప్పు ఉంది. అది ఎముకలో నిలవ ఉండదు గానీ, ఉన్నట్టుండి ఆపేస్తే వెన్నుపూసలు విరగొచ్చు. దాన్ని ఆపాలా, కొనసాగించాలా అన్నది క్యాన్సర్ వైద్యులు తేల్చాల్సిన మాట.

కాబట్టి దంతవైద్యుల నేర్పు డ్రిల్‌లో కన్నా వరసలో ఎక్కువ కనిపిస్తుంది. నిలవని పళ్లను ఈ మందులకు ముందే తీసి, చిగురు మూసుకునేదాకా ఆగుతారు. కీమో పడ్డాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పోతాయి గనక, క్లీనింగ్‌ను అవి కోలుకున్నాక, తర్వాతి డోసుకు కాస్త ముందు పెట్టుకుంటారు. పాత ఇంప్లాంట్ బాగా అతుక్కుని ఉంటే సాధారణంగా కదపరు. సహజమైన పంటికి ఉండే స్నాయువు దానికి లేదు, చుట్టూ ఎముక తరుగుతున్నా చాలాకాలం నొప్పి తెలియకపోవచ్చు. అందుకే ప్రోబ్‌తో చిగురు లోతు కొలిచి, పాత ఎక్స్‌రేతో కొత్తదాన్ని పోల్చి చూస్తారు. కొత్త ఇంప్లాంట్ కావాలని వచ్చిన వాళ్లను మాత్రం ముందుగా అడిగేది క్యాన్సర్ వైద్యుల చీటీ: ఏ మందు, ఎంత మోతాదు, ఆఖరిసారి ఎప్పుడు ఎక్కించారు.